యంత్రాన్ని వదలని పిల్లలు: సైన్స్ ఫిక్షన్‌లో బాల్యం, సాంకేతికత

మనుషుల తోడు కంటే యంత్రం తోడునే ఎక్కువగా కోరుకునే పిల్లలు సైన్స్ ఫిక్షన్‌లో 20వ శతాబ్దం నడిమి నుంచి తరచుగా కనిపిస్తారు. మరమనిషి, గోడల నిండా దృశ్యాలు కదిలే గది, వీడియో గేమ్, మాట్లాడే పుస్తకం, మెదడులో అమర్చిన చిప్ ఇలా కాలాన్ని బట్టి వస్తువు మారుతూ వచ్చింది. కథలోని ఇల్లు మాత్రం పెద్దగా మారలేదు. ఆ ఇంట్లో యంత్రాన్ని కొని తెచ్చేది పెద్దవాళ్లే. దాన్ని బిడ్డకు అప్పగించి తమ పనుల్లో పడేదీ వాళ్లే. బిడ్డ దాన్ని వదలడం లేదని కొన్నాళ్లకు కంగారుపడేదీ వాళ్లే. ఈ కోవలో నిలిచిన కథలు బిడ్డ మొండితనం కంటే పెద్దవాళ్లు ఖాళీ చేసి వెళ్లిన చోటునే ఎక్కువగా పట్టించుకున్నాయి. ఆ కథలకు పల్నాడులో ఒక పూర్వకథ ఉంది. వాటిని ఇప్పుడు చదవాల్సిన అవసరం కూడా పల్నాడుకు ఉంది. అందుకే ఈ వ్యాసం రెంటినీ కలిపి చూస్తుంది.

పల్నాటి బొంగరం, మాయాబజార్ పెట్టె

గురజాల నలగామరాజుకూ మాచెర్ల మలిదేవరాజుకూ మధ్య 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధాన్ని శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యమూ, కారెంపూడి వీరుల ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పాడే కథా ఈనాటిదాకా నిలబెట్టాయి. అందులో బాలచంద్రుడి బొంగరాలాట ప్రసిద్ధమైన ఘట్టం. తండ్రి బ్రహ్మనాయుడు కారెంపూడి రణరంగానికి తరలిపోయాడు. ఇంటి దగ్గర తల్లి ఐతమ్మ కాపుదలలో ఉన్న బాలచంద్రుడు తోటివాళ్లతో బొంగరాలాడుతున్నాడు. అతని బొంగరం తగిలి ఒక స్త్రీకి గాయమవుతుంది. ఊరి మగవాళ్లంతా యుద్ధానికి పోతే నువ్విక్కడ ఆటలాడుతున్నావా అని ఆమె నిష్ఠూరమాడుతుంది. అప్పుడుగానీ అతనికి సంగతి తెలియదు. బొంగరం వదిలేసి తల్లి దగ్గరకు పోయి యుద్ధానికి సెలవు అడుగుతాడు.

ఇందులో యంత్రం లేదు, బొంగరం వ్యసనమూ కాదు. కానీ ఈ ఘట్టంలోని అమరిక తర్వాతి కాలపు కథలు చాలావాటిలో మళ్లీ మళ్లీ వస్తుంది. బయట ఏదో భయంకరమైనది జరుగుతోంది, బిడ్డకు తెలియకూడదనుకుంటారు, ఆటను అడ్డుతెరగా వాడుకుంటారు. ఆ తెర చిరిగిన రోజున బిడ్డ ఇంటికి దక్కకుండా పోతాడన్నది కావ్యం చెప్పిన మాట. పల్నాటి పాఠకుడికి ఈ సాహిత్యం పూర్తిగా పరాయిది కాదనడానికి నేను ఈ ఘట్టాన్నే ముందు చూపిస్తాను.

తెర వైపు నుంచి ఇంకొక పూర్వరూపం ఉంది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పెట్టె, తెరిచినవాళ్లకు వాళ్ల మనసుకు అన్నిటికంటే ఇష్టమైనది చూపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. మన ప్రేక్షకులు దాన్ని చూసి మురిసిపోయారు, అందులో భయపడాల్సిందేమీ లేదు. అయితే అంతకు ఏడేళ్ల ముందే అమెరికాలో ఒక రచయిత, మనసులో ఉన్నదాన్నే చూపించే గోడల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టాడు. ఆ పిల్లల మనసులో ఏముందో చూసి తల్లిదండ్రులు నిద్రకు దూరమయ్యారు.

అసిమోవ్ పక్షం, బ్రాడ్‌బరీ పక్షం

ఈ సాహిత్యానికి రెండు మూలస్తంభాలు పదేళ్ల తేడాతో వచ్చాయి. రెండూ ఒకే ప్రశ్నకు ఎదురెదురు జవాబులు చెప్పాయి.

మొదటిది ఐజాక్ అసిమోవ్ 1939లో, తన పంతొమ్మిదో ఏట రాసిన ‘రాబీ’. 1940లో వేరే పేరుతో ఒక పత్రికలో అచ్చయింది, 1950లో ‘ఐ, రోబో’ సంపుటిలో మొదటి కథగా చేరింది. ఎనిమిదేళ్ల గ్లోరియాకు రాబీ అనే మాటలు రాని మరమనిషి తోడు. ఇద్దరూ దాగుడుమూతలాడతారు. సిండరెల్లా కథ ఎన్నిసార్లు చెప్పినా రాబీ విసుగులేకుండా వింటాడు. పిల్ల తోటిపిల్లలతో కలవడం లేదని తల్లి బాధ. ఒకరోజు పిల్లని ప్రదర్శనకు తీసుకువెళ్లి, తిరిగొచ్చేసరికి రాబీని ఇంట్లో లేకుండా చేస్తారు. బదులుగా ఒక కుక్కపిల్లని తెస్తారు. గ్లోరియా అన్నం మానేసి దిగులు పడుతుంది. మరిపించడానికి న్యూయార్క్ తీసుకుపోతే, రాబీని వెతకడానికే వెళ్తున్నామని సంబరపడుతుంది. చివరికి ఒక కర్మాగారంలో ట్రాక్టర్ కింద పడబోయిన పిల్లని రాబీయే కాపాడతాడు, తల్లి మెత్తబడుతుంది.

అసిమోవ్ నిస్సందేహంగా పిల్ల పక్షాన నిలబడ్డాడు. మరమనుషులంటే యజమానిపై తిరగబడే రాక్షసులన్న అప్పటి రివాజును తోసిపుచ్చడమే ఆయన ఉద్దేశం, అందులో నెగ్గాడు. కానీ తల్లి అడిగిన ప్రశ్న కథలో జవాబు లేకుండానే మిగిలిపోయింది. ప్రాణం కాపాడిన యంత్రం మంచిదే కావచ్చు, మరి పిల్లకు స్నేహితులు ఎందుకు లేరు? ట్రాక్టర్ సంఘటనతో రచయిత ఆ ప్రశ్నను పక్కకు నెట్టేశాడని నాకు అనిపిస్తుంది. తర్వాతి రచయితలు దాన్నే ఎత్తుకున్నారు.

వారిలో ముందువాడు రే బ్రాడ్‌బరీ. 1950 సెప్టెంబరులో ‘సాటర్‌డే ఈవినింగ్ పోస్ట్’లో వచ్చి, మరుసటి ఏడాది ‘ది ఇలస్ట్రేటెడ్ మ్యాన్’లో ‘ద వెల్ట్’ పేరుతో చేరిన ఆయన కథకు ఈ రంగంలో సాటి వచ్చింది ఇంకా లేదు. జార్జి, లిడియా హాడ్లీ దంపతులు ముప్పై వేల డాలర్లు పోసి ఒక ఇల్లు అమర్చుకున్నారు. వండిపెట్టేదీ, బట్టలు తొడిగేదీ, జోకొట్టేదీ ఆ ఇల్లే. పదేళ్ల పిల్లలు పీటర్, వెండీల కోసం అందులో ఒక ప్రత్యేకమైన గది. పిల్లలు ఏది తలచుకుంటే గోడల మీద అది ప్రత్యక్షమవుతుంది, వాసనతో, శబ్దంతో, వేడితో సహా. కొన్నాళ్లుగా ఆ గదిలో ఆఫ్రికా పచ్చికబయలు తప్ప ఇంకేమీ రావడం లేదు. మండే ఎండ, దూరాన దేన్నో తింటున్న సింహాలు, ఎక్కడో విన్నట్టుండే కేకలు. తండ్రి పాత పర్సు నమిలిన గుర్తులతో ఆ గదిలో దొరుకుతుంది, తల్లి కండువా నెత్తుటి మరకలతో దొరుకుతుంది. మనస్తత్వ వైద్యుడు వచ్చి చూసి, పిల్లల ప్రేమలో మీ స్థానాన్ని ఈ గది ఆక్రమించిందని, దాన్ని మీరే రానిచ్చారని చెబుతాడు. తండ్రి ఇల్లంతా ఆపేస్తాడు. పిల్లలు నేల మీద పడి ఏడుస్తారు, ఇంకొక్క నిమిషం అని బతిమాలతారు. ఆ ఒక్క నిమిషం ఇచ్చినందుకు తల్లిదండ్రులు సింహాల పాలవుతారు.

‘ఇంకొక్క నిమిషం’ అన్న ఆ బేరం ఈనాడు ఏ ఇంట్లో వినబడదు? బ్రాడ్‌బరీ ఈ కథ రాసేనాటికి అమెరికాలో నూటికి తొమ్మిది ఇళ్లలో మాత్రమే టీవీ ఉంది. పదేళ్లు తిరిగేసరికి అది 87కు చేరింది. వ్యసనం ఇంకా ఇళ్లలోకి రాకముందే దాని లక్షణాలన్నీ ఆయన పట్టుకున్నాడు. యంత్రాలు లేకుండా ఒక నెల గడుపుదామని తండ్రి అంటే, నా బూట్ల తాళ్లు నేనే కట్టుకోవాలా, పళ్లు నేనే తోముకోవాలా అని పీటర్ అడుగుతాడు. చూడటం, వినడం, వాసన పీల్చడం తప్ప తనకు వేరే పని అక్కర్లేదన్నది వాడి సిద్ధాంతం. అయినా కథలో పిల్లలు పుట్టు దుర్మార్గులు కారు. తల్లి లిడియా ముందే గ్రహిస్తుంది, ఈ ఇంట్లో తాను చేయడానికి ఏ పనీ మిగల్లేదని, ఇల్లే తల్లి, ఇల్లే దాది అయిపోయిందని. చావు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ గ్రహింపే.

ఇంకో ఏడాదికి, 1951లో, అసిమోవ్ మళ్లీ ఈ వైపు వచ్చాడు. ‘ది ఫన్ దే హ్యాడ్’లో 2157 నాటి మార్జీకి ఇంట్లోనే యంత్రం పాఠాలు చెబుతుంది. పిల్లకు అదంటే పరమ అసహ్యం. అటకమీద దొరికిన కాగితం పుస్తకంలో పాతకాలపు బడి గురించి చదివి, పిల్లలంతా ఒకచోట చేరి నవ్వుకుంటూ ఇళ్లకు వెళ్లేవారట కదా అని ఊహించుకుంటుంది. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ వాచకం ‘బీహైవ్’లో ఏళ్ల తరబడి మొదటి పాఠంగా ఉంటూ వచ్చింది కాబట్టి, మన దేశంలో లక్షల మంది పిల్లలకు తెలిసిన సైన్స్ ఫిక్షన్ కథ బహుశా ఇది. దీన్ని భవిష్యత్తు వింతగా చెప్పి వదిలేయకుండా, కోవిడ్‌తో బడులు మూతపడిన 2020, 2021 సంవత్సరాల్లో మీరేం పోగొట్టుకున్నారని అడిగితే పిల్లలు చెప్పడానికి చాలా ఉంటుంది.

ఆటే యుద్ధమైనప్పుడు

వీడియో గేమ్‌లు ఇళ్లలోకి వచ్చిన తర్వాత కథలు ఇంకో మలుపు తిరిగాయి. ఆర్సన్ స్కాట్ కార్డ్ 1985 నవల ‘ఎండర్స్ గేమ్’లో ఆరేళ్ల ఎండర్‌ని సైన్యం ఇంటినుంచి తీసుకుపోతుంది. అతని చుట్టూ ఆటలే. ఒంటరితనాన్ని ఒక కంప్యూటర్ ఆటతో నింపుకుంటాడు, ఆ ఆట అతని మనసు చదివి తన రూపం మార్చుకుంటూ ఉంటుంది. చివరికి శిక్షణ అనుకుని ఆడిన ఆట నిజమైన యుద్ధమనీ, తాను ఒక జాతినే తుడిచిపెట్టాననీ తెలుస్తుంది. బాలచంద్రుడికి ఆట యుద్ధాన్ని దాచింది. ఎండర్‌కి యుద్ధమే ఆట వేషంలో వచ్చింది. ఇద్దరి విషయంలోనూ నిజం తెలిసినవాళ్లు పెద్దలే. తేడా ఏమిటంటే, ఐతమ్మ బిడ్డని దక్కించుకోవాలనుకుంది, ఎండర్ పైఅధికారులు వాడుకోవాలనుకున్నారు. పిల్లలు గంటల తరబడి వదలకుండా ఉండేలా ఆటల్ని తయారుచేయడమే వ్యాపారమైన ఈ రోజుల్లో ఈ నవల రాసిన నాటి కంటే ఎక్కువ నిజమైంది.

భారతీయ సినిమాలో ఈ దారికి దగ్గరగా వచ్చింది అనుభవ్ సిన్హా దర్శకత్వంలో 2011లో విడుదలై తెలుగులోకీ అనువాదమైన ‘రా.వన్’. గేమ్‌లు తయారుచేసే తండ్రి తన కొడుకు ప్రతీక్ మెప్పు కోసం, వాడు కోరినట్టే నాయకుడి కంటే బలమైన ప్రతినాయకుణ్ణి సృష్టిస్తాడు. ఆ ప్రతినాయకుడు తెర దాటి బయటికొచ్చి, ఆట మధ్యలో వదిలేసిన పిల్లవాణ్ణి వేటాడతాడు. తండ్రి చచ్చిపోతే ఆటలోని నాయకుడు తండ్రి ముఖంతోనే ఇంటికి వస్తాడు. బిడ్డతో మాట కలపడానికి తండ్రికి గేమ్ తప్ప వేరే భాష దొరకలేదన్న మొదటి అరగంటే ఈ సినిమాలో విలువైన భాగం. తర్వాతదంతా పోరాటాలే.

డొరేమాన్

జపాన్‌లో 1969 చివర మొదలైన ఫుజికో ఎఫ్. ఫుజియో బొమ్మల కథ ‘డొరేమాన్’ని ఈ చర్చలో చాలామంది మర్చిపోతారు. మన పిల్లలకు దగ్గరైంది మాత్రం ఇదే. 22వ శతాబ్దం నుంచి వచ్చిన పిల్లి రూపపు మరబొమ్మ, చదువులోనూ ఆటలోనూ వెనకబడిన నొబితాకు ప్రతి కష్టానికీ జేబులోంచి ఒక పరికరం తీసి ఇస్తుంది. నొబితా దాన్ని అతిగా వాడి చిక్కుల్లో పడతాడు. పిల్లల్ని సోమరులుగా మారుస్తోందన్న నింద దీనికి తరచూ వచ్చింది, 2016లో పాకిస్తాన్‌లోని పంజాబ్ శాసనసభలో దీన్ని నిషేధించాలని తీర్మానం కూడా పెట్టారు. ఆ నింద న్యాయం కాదు. 1974లో వచ్చిన ఒక కథలో డొరేమాన్ భవిష్యత్తుకు తిరిగి వెళ్లిపోవాల్సి వస్తుంది. తన గురించి బెంగపడకుండా మిత్రుడు వెళ్లాలని, నొబితా ఏ పరికరమూ లేకుండా తనని రోజూ కొట్టే జియాన్‌తో ఒంటరిగా కలబడతాడు. ఒళ్లంతా దెబ్బలతో నిలబడి గెలుస్తాడు. అంత ఆరోగ్యకరమైన వీడ్కోలు ఈ సాహిత్యంలో ఇంకెక్కడా లేదు. ప్రేమ ఉండగానే ఆధారపడటం ఆగిపోవచ్చని అది చూపించింది.

గొంతు వెనక మనిషి

1958లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ హార్లో కోతిపిల్లల మీద చేసిన ప్రయోగాల్ని ప్రకటించాడు. పాలిచ్చే తీగల బొమ్మని వదిలి, పాలివ్వని గుడ్డ బొమ్మనే అవి కరుచుకుని ఉండేవి. బ్రిటన్‌లో జాన్ బౌల్బీ 1969 నుంచి వెలువరించిన గ్రంథాల్లో బిడ్డకూ పెంచేవారికీ మధ్య ఏర్పడే అనుబంధాన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఈ రెండూ తెలిసిన తరం రచయితల చేతుల్లో కథలు లోతు పెరిగాయి. యంత్రం మంచిదా చెడ్డదా అని అడగడం మానేసి, యంత్రంలోంచి వచ్చే పలకరింపు ఎవరిదని అడగడం మొదలుపెట్టాయి.

ఈ విషయంలో నీల్ స్టీఫెన్‌సన్ 1995 నవల ‘ది డైమండ్ ఏజ్’ అన్నిటికంటే ముందుంది. ఒక ధనికుడు తన మనవరాలి కోసం మాట్లాడే పుస్తకం ఒకటి తయారుచేయిస్తాడు. చదివే పిల్ల జీవితాన్ని గమనిస్తూ అందుకు తగ్గ కథ అప్పటికప్పుడు అల్లి చెబుతుంది. దాని నకలు ఒకటి దొంగతనంగా నెల్ అనే పేదింటి పిల్ల చేతికి చేరుతుంది. తల్లి పట్టించుకోదు, తల్లి స్నేహితులు కొడతారు. పుస్తకమే నెల్‌ని దాచి, తిండి సంపాదించుకోవడం నేర్పి, పోరాడటం నేర్పి పెంచుతుంది. అయితే పుస్తకానికి కథ అల్లడం వచ్చుగానీ గొంతు లేదు. ఎక్కడో దూరాన ఉన్న నటులు జీతానికి ఆ మాటలు చదువుతారు. నెల్ పుస్తకాన్ని ఎక్కువగా చదివింది మిరాండా అనే ఒక్క నటి. ఎప్పుడూ చూడని ఆ పిల్లకు ఆమె క్రమంగా తల్లి అయిపోతుంది. ధనికుడి మనవరాలికి మాత్రం రోజుకొక నటి చదివింది, ఆ పిల్లకు పుస్తకం మీద మమకారం కలగలేదు. మూడో నకలు అందుకున్న పిల్లకు కన్నతండ్రే దూరం నుంచి గొంతు ఇచ్చాడు. పుస్తకం ఒక్కటే, పాఠాలూ అవే. ముగ్గురు ఆడపిల్లలు మూడు రకాలుగా పెరిగారు.

ప్రతి బిడ్డ చేతికీ ఒక పరికరం ఇస్తే చదువు దానంతటదే వస్తుందని నమ్మే ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ చదవాల్సిన నవల ఇది.

టెడ్ చాంగ్ 2011లో రాసిన ‘డేసీస్ పేటెంట్ ఆటోమేటిక్ నానీ’ చిన్న కథ, మ్యూజియం వస్తువు పక్కన పెట్టిన వివరణలా ఉంటుంది. ఆయాల తీరు నచ్చని ఒక విక్టోరియా కాలపు గణితవేత్త, పసిపిల్లల్ని ఊపే, పాలుపట్టే యంత్రం చేస్తాడు. తర్వాత అతని కొడుకు ఆ యంత్రం మంచిదని రుజువు చేయడానికి ఒక పసివాణ్ణి పూర్తిగా దాని చేతుల్లోనే పెంచుతాడు. యంత్రం నుంచి విడదీసి మనుషులకు అప్పగించాక ఆ బిడ్డ ఎదుగుదల ఆగిపోతుంది. బుద్ధిమాంద్యం అని అందరూ తేల్చేస్తారు. చాలా ఏళ్లకు ఒక వైద్యుడు గమనిస్తాడు, వాడు యంత్రం పలకరిస్తే పలుకుతున్నాడు, మనిషి పలకరిస్తే పలకడం లేదు. బిడ్డలో లోపం లేదు. ఏ చేతులు ముందుగా ఎత్తుకున్నాయో వాటికే అలవాటు పడ్డాడు. ఈ కథలో చంపే సింహాలు లేవు, తిరగబడే మరమనుషులు లేరు. ఐనా నేను చదివినవాటిలో ఇంత దుఃఖం కలిగించింది ఇంకొకటి లేదు.

నోబెల్ బహుమతి గ్రహీత కజువో ఇషిగురో 2021 నవల ‘క్లారా అండ్ ద సన్’ ఈ సంబంధాన్ని యంత్రం వైపు నుంచి చెబుతుంది. జబ్బుపడిన జోసీ అనే పిల్లకు తోడుగా కొన్న క్లారా, ఆ పిల్లని నిజంగా కనిపెట్టుకుని ఉంటుంది. ఆ లోకంలో పిల్లలకు చదువు తెరల మీదే, తోటివాళ్లతో ఎలా మెలగాలో నేర్పడానికి ప్రత్యేకంగా సమావేశాలు పెట్టాల్సి వస్తుంది. జోసీ పెద్దదై చదువుకు వెళ్లిపోతుంది, క్లారా పాత సామాను మధ్య మిగిలిపోతుంది. వ్యామోహం తీరిన పిల్ల ముందుకు సాగిపోవడం ఆరోగ్యమే. ఆ ఆరోగ్యానికి కూడా ఒక క్రూరత్వం ఉందని ఈ నవల గుర్తుచేస్తుంది. బ్రయన్ ఆల్డిస్ 1969 కథ, దాని ఆధారంగా 2001లో స్పీల్‌బర్గ్ తీసిన ‘ఎ.ఐ.’ సినిమా ఈ లెక్కను తిరగేసి, అమ్మని వదలలేని మరబిడ్డని చూపించాయి. 2022 నాటి ‘మేగన్’ సినిమాలో ప్రమాదంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పాపకు, ఓదార్చడం చేతకాని పిన్ని బొమ్మని చేసి ఇస్తుంది. భయపెట్టే సినిమా పద్ధతిలో బొమ్మ హంతకురాలవుతుంది. అయితే సినిమా చెప్పాల్సింది, బొమ్మని లాక్కుంటే పాప పెద్దవాళ్లని కొట్టే దృశ్యంలోనే చెప్పేసింది.

పెద్దవాళ్లే వదల్లేనప్పుడు

కొన్ని కథల్లో యంత్రానికి అతుక్కుపోయింది తల్లే. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లోనే ‘ది మెషీన్ స్టాప్స్’ రాశాడు. భూమి అడుగున ఒంటరి గదుల్లో మనుషులు తెరల ద్వారా మాట్లాడుకునే లోకంలో, నిన్ను యంత్రంలోంచి కాకుండా ఎదురుగా చూడాలనుందని తల్లిని పిలిచేది కొడుకు. ఆమెకు ఆ ప్రయాణమే భయం. 2017లో వచ్చిన ‘బ్లాక్ మిర్రర్’ భాగం ‘ఆర్క్ఏంజెల్’లో కూతురు ఒకసారి తప్పిపోయిందన్న భయంతో తల్లి పిల్ల తలలో చిప్ పెట్టిస్తుంది. పిల్ల చూసేదంతా తాను ట్యాబ్‌లో చూడొచ్చు, పిల్లని భయపెట్టేదాన్ని మసకబార్చొచ్చు. కొన్నేళ్లు దాన్ని అటక ఎక్కించినా, వయసొచ్చిన కూతురు అబద్ధం చెప్పిన రాత్రి మళ్లీ బయటికి తీస్తుంది. చివరికి కూతురు ఆ ట్యాబ్‌తోనే తల్లిని కొట్టి ఇల్లు వదిలిపోతుంది.

కథ బయట

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలైంది. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడి అప్పటికి తొమ్మిది నెలలు కాలేదు. పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి మొదటి ఏడాది 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు, బైజూస్ సంస్థ పాఠాలు నింపి ఇచ్చారు. మరుసటి డిసెంబరులో ఇంకో విడత జరిగింది. ఖరీదైన పాఠాలు డబ్బున్న పిల్లలకే ఎందుకు దక్కాలన్న ఆలోచన గౌరవించదగ్గది, అది నెల్ చేతికి పుస్తకం చేరడం లాంటిదే. పాఠాల బదులు ఆటలూ సినిమాలూ చూస్తున్నారన్న ఫిర్యాదులూ వచ్చాయి. స్టీఫెన్‌సన్ నవల చదివినవాళ్లు ఇక్కడ పరికరం గురించి తగవుపడరు. ఆ పిల్ల ఇంటికెళ్లి ట్యాబ్ తెరిచినప్పుడు పక్కన కూర్చునే మిరాండా ఎవరని అడుగుతారు. మిర్చి కోతల కాలంలో తెల్లవారకముందే పొలం బయల్దేరే తల్లికి అంత తీరిక ఉండదు. పనికి పోయేటప్పుడు చంటివాడి చేతిలో ఫోన్ పెట్టిపోయే ఆ తల్లిని హాడ్లీ దంపతులతో కలిపి తిట్టడం అన్యాయం. వాళ్లు సుఖం కోసం పిల్లల్ని గదికి అప్పగించారు, ఈమె కూలి కోసం అప్పగిస్తోంది. ఈ తేడాని పాశ్చాత్య కథలు దాదాపుగా పట్టించుకోలేదు, వాటిలోని ఇళ్లు ఎక్కువగా కలిగినవాళ్లవి.

దేశంలోని గ్రామాలకు సంబంధించి అసర్ విద్యా సర్వే లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, కోవిడ్ తర్వాత 2021లో 67.6 శాతం. 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి ఫోన్ వాడటం వచ్చు. వారిలో అంతకు ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని రుగ్మతల పట్టికలో చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఎక్కువసేపు ఆడటమే జబ్బని అది చెప్పదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు కొనసాగితేనే రుగ్మత అంటుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇటువంటివారి కోసం 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

ఇక మాట్లాడే తోడు కథల్లోంచి బయటికే వచ్చేసింది. 1996లో జపాన్‌లో వచ్చిన తమగోచీ అనే గుడ్డంత బొమ్మ ఆకలేస్తే కూతపెట్టేది, పట్టించుకోకపోతే చచ్చిపోయేది, బడుల్లో దాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఇప్పటి చాట్‌బాట్ అంతకంటే వెయ్యి రెట్లు నేర్పరి. 2024 అక్టోబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక తల్లి, ప్రాణం తీసుకున్న తన 14 ఏళ్ల కొడుకు చాట్‌బాట్‌తో గాఢమైన అనుబంధంలో చిక్కుకుపోయాడంటూ దాన్ని నడిపే సంస్థపై కోర్టుకెళ్లింది. మిరాండా లేని పుస్తకం ఎలా ఉంటుందో స్టీఫెన్‌సన్ ఊహించగలిగాడు. మిరాండాలా నటించే పుస్తకాన్ని మాత్రం ఊహించలేదు.

తెలుగులో

తెలుగు సైన్స్ ఫిక్షన్ ఈ వైపు పెద్దగా చూడలేదు. మన ఊహ కాలయానం మీదా, ప్రపంచం అంతం మీదా, గ్రహాల మీదా తిరిగింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘యుగాంతం’, ‘చీకట్లో సూర్యుడు’ నవలలు అలాంటివే. అమెరికాలో స్థిరపడిన ఆచార్యుడు వేమూరి వేంకటేశ్వరరావు కథల్లో, డాక్టర్ చిత్తర్వు మధు గ్రహాంతర నవలల్లో, అనిల్ ఎస్. రాయల్ కాలయాన కథల్లో శాస్త్రం గట్టిగా ఉంటుంది, కథ నడక బాగుంటుంది. వాటి నాయకులు పెద్దవాళ్లు. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’లో పిల్లలున్నారు, కాలయంత్రం ఉంది, సాహసం ఉంది. ఆ యంత్రం తోడుకాదు, వాహనం. 2018 నాటి శంకర్ చిత్రం ‘2.0’లో ఊరందరి చేతుల్లోంచి ఫోన్లు ఎగిరిపోతాయి, అవి లేక జనం పడే గగ్గోలు కాసేపు కనిపిస్తుంది. పిల్లల వైపు కెమెరా తిరగదు. పొరుగున మలయాళంలో 2019లో వచ్చిన ‘ఆండ్రాయిడ్ కుంజప్పన్’ మన పల్లెటూళ్లకు సరిగ్గా అతికే కథ. విదేశంలో ఉన్న కొడుకు తెచ్చిపెట్టిన మరమనిషిని మొదట ఛీకొట్టిన ముసలి తండ్రి, చివరికి దాన్నే కొడుకుగా చూసుకుంటాడు. వృద్ధుడి బదులు బిడ్డని పెట్టి ఇదే కథ గురజాల పక్క పల్లెలో చెప్పొచ్చు.

చెప్పడానికి రచయితలున్నారు, అచ్చు వేయడానికి చోటే తగ్గిపోయింది. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ‘చందమామ’ 2010ల మొదట్లో ఆగిపోయింది. దానితో పాటే పిల్లలు తమంతట తాము తెలుగులో కథ చదువుకునే అలవాటూ బలహీనపడింది. పిల్లల కోసం మహీధర నళినీమోహన్ రాసినలాంటి సులభమైన శాస్త్ర రచనలు చేసేవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. ఇంగ్లిష్ వాచకంలో మార్జీ కథ చదివిన మాచెర్ల విద్యార్థికి, అదే విషయం మీద తన భాషలో, తన ఊరి ఇంట్లో జరిగే కథ ఒక్కటైనా బడి గ్రంథాలయంలో దొరకాలి. బ్రాడ్‌బరీ, చాంగ్, స్టీఫెన్‌సన్ రచనల మంచి తెలుగు అనువాదాలతోనైనా ఆ పని మొదలుపెట్టవచ్చు.